మొదటి ఆర్‌సీ విమానం కడుతున్నాం: సన్‌బోర్డు పనికొస్తుందా, నాగావళి ఇసుకలో ఎగరెయ్యొచ్చా?

నాగావళి_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ముగ్గురం స్నేహితులం, బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఈ సెలవుల్లో సొంతంగా ఒక రిమోట్ విమానం కట్టి ఎగరెయ్యాలని గట్టిగా అనుకున్నాం. రెడీమేడ్‌ది కొనాలని లేదు. అది ఎందుకు ఎగురుతుందో తెలుసుకుని ఎగరెయ్యాలని మా పట్టుదల.

ఇప్పటిదాకా చేతికొచ్చినవి: 2212 బ్రష్‌లెస్ మోటారు (1000 కేవీ, అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి వెయ్యి చుట్లు), మోటారు వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, తోక పలకల్ని కదిపే 9 గ్రాముల సర్వోలు నాలుగు, ఆరు ఛానెళ్ళ 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్. రెక్క మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు అనుకున్నాం. ఫ్లెక్సీ షాపులో 5 ఎంఎం సన్‌బోర్డు చెప్పి ఉంచాం, ఇంకా డబ్బులివ్వలేదు.

సన్‌బోర్డు పనికొస్తుందా? చక్రాలు పెట్టాలా? ఎండాకాలం నాగావళిలో ఇసుక మేటలు ఖాళీగా ఉంటాయి కదా, అక్కడ ఎగరెయ్యొచ్చా? పర్మిషన్ ఏమైనా తీసుకోవాలా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ఫోర్ట్_సిటీ:
తమ్ముడూ, డబ్బులివ్వకపోవడం మంచిదైంది. ఆ బోర్డు ఒక ముక్క తెచ్చి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడు. ఫ్లెక్సీ షాపుల్లో సన్‌బోర్డు పేరుతో ఇచ్చేది చాలాసార్లు పీవీసీ ఫోమ్ షీటు. 5 ఎంఎంది చదరపు మీటరుకి రెండున్నర కిలోల పైమాటే. డెప్రాన్ రకం పాలీస్టైరీన్ ఫోమ్ అదే మందంలో 200 గ్రాములు. పేరు చూసి కాదు, తూకం చూసి కొనాలి.

మీ విమానానికి రెక్క మడత, బాడీ, తోక అన్నీ కలిపి 0.65 చదరపు మీటరు దాకా షీటు పడుతుంది. పీవీసీతో కడితే షీటే 1600 గ్రాములు. ఫోమ్‌తో అయితే 130. మోటారు, బ్యాటరీ, సర్వోలు, రిసీవరు కలిపి 320 వేసుకో. జిగురు, కడ్డీలు ఇంకో వంద. ఒకటి రెండు కిలోలు దాటేస్తుంది, ఇంకొకటి 550 దగ్గర ఆగుతుంది. మీ మోటారు పది అంగుళాల ప్రొపెల్లరుతో లాగేది ఎనిమిది వందల గ్రాముల చిల్లర. ఇంక నువ్వే చెప్పు.

నాగావళి_ఒడ్డు:
అన్నా, ఇప్పుడే తూచి వచ్చాం. అడుగు బై అడుగు ముక్క 240 గ్రాములు ఉంది. అంటే మీరన్నట్టు పీవీసీయే. ఆర్డరు మానేశాం. ఫోమ్‌బోర్డు ఆన్‌లైన్‌లో చూస్తున్నాం.

ఎయిర్‌వింగ్_పాత_క్యాడెట్:
చాలా సంతోషం బాబూ. కాటా మీద పెట్టి చూసి మాట్లాడే కుర్రాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది.

నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నవాణ్ణి. మా రోజుల్లో కంట్రోల్ లైన్ విమానాలు. రెండు తీగలు పట్టుకుని మధ్యలో నిలబడి గుండ్రంగా తిరగాలి. ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపిన ఇంధనంతో చిన్న డీజిల్ ఇంజను. ఇంటికొచ్చాక రెండు రోజులు చేతులు ఆ వాసనే. ఇప్పుడు ఎలక్ట్రిక్ వచ్చి పని సులువైంది గానీ రెక్క శాస్త్రం మారలేదు.

ఫోర్ట్ సిటీ గారు బరువు చెప్పారు. ఆ బరువు ఎందుకు ముఖ్యమో నేను చెబుతాను. చూడాల్సింది మొత్తం బరువు కాదు, రెక్క వైశాల్యంలో ఒక్కో చదరపు డెసిమీటరు మీద ఎంత బరువు పడుతోందన్నది. మీ రెక్క మీటరు బై 20 సెంటీమీటర్లు, అంటే 20 చదరపు డెసిమీటర్లు. 600 గ్రాములైతే ఒక్కోదాని మీద 30 గ్రాములు. నేర్చుకునే విమానానికి ఇది చక్కగా ఉంటుంది. రెండు కిలోలైతే 100 గ్రాములు. విమానం గాల్లో నిలబడటానికి కావలసిన కనీస వేగం ఈ లెక్కకి వర్గమూలంగా పెరుగుతుంది. మొదటిదానికి గంటకి 24 కిలోమీటర్ల దగ్గర చాలు, రెండోదానికి 44 కావాలి. 24ని చేత్తో విసిరి అందుకోవచ్చు. 44ని అందుకోలేం. ఒకవేళ అందుకున్నా, దిగేటప్పుడు అదే వేగంతో నేలకి తగులుతుంది.

ఇక కట్టడం. రెక్క బాడీకి పైన ఉండాలి. రెండు వైపులా చివరలు కొద్దిగా పైకి లేవాలి, ఒక్కో వైపు 5 డిగ్రీలు పెట్టండి. అలా ఉంటే ఒక పక్కకి వాలినా దానంతట అదే సర్దుకునే గుణం వస్తుంది. మొదటి విమానానికి ఐలెరాన్లు (రెక్క చివరల్లో కదిలే పలకలు) వద్దు. పక్కలకి తిప్పే రడ్డరు, ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటరు, మోటారు వేగం మార్చే థ్రాటిల్ చాలు. రెండు సర్వోలతో అయిపోతుంది, మిగతా రెండూ దాచుకోండి.

రెక్కని బాడీకి జిగురుతో అంటించొద్దు. రెండు వెదురు పుల్లలు బాడీకి అడ్డంగా గుచ్చి, వాటి మీంచి రబ్బరు బ్యాండ్లతో కట్టండి. నేలకి కొట్టుకున్నప్పుడు రెక్క ఊడి పక్కకి పోతుంది గానీ విరగదు. చక్రాలు అక్కర్లేదు. అవి బరువు, పైగా మన పొలం గట్ల మధ్య ఏ చక్రమూ సాఫీగా దొర్లదు. పొట్ట మీద దింపండి. కింద ప్యాకింగ్ టేపు వేస్తే చాలు.

సరుగుడు_తోట:
మాది కళింగపట్నం పక్క. క్యాడెట్ గారు చెప్పినదానికి చిన్న ముక్క కలుపుతాను. గ్లూ గన్ని ఫోమ్ మీద బాగా వేడిగా ఉన్నప్పుడు పెట్టకండి. ముందు వేస్టు ముక్క మీద గీసి చూడండి. ఫోమ్ అంచు మెరుస్తూ లోపలికి ముడుచుకుంటోందంటే వేడి ఎక్కువైనట్టే. గన్ను ప్లగ్గు తీసి కాసేపు ఆగి మళ్ళీ గీయండి. జిగురు దారంలా సాగుతూ, ఫోమ్ మీద ఉబ్బెత్తుగా నిలబడాలి. అప్పుడు అంటించి, లెక్కకి ఇరవై అంకెలు అయ్యేదాకా చెయ్యి తియ్యకుండా నొక్కిపట్టండి. మామూలు ఫెవిక్విక్ లాంటివైతే థర్మాకోల్‌ని తినేస్తాయి. ఫోమ్‌కి పనికొచ్చేదని సీసా మీద రాసి ఉన్నదే కొనండి.

ఇంకో మాట. కట్టిన రెక్కని ఎండలో పెట్టి మర్చిపోవద్దు. మన మే నెల ఎండకి గంటలో మెలితిరిగిపోతుంది. కంటికి ఆనదు, గాల్లోకి వెళ్ళాక ఒక పక్కకే లాగుతుంది.

నాగావళి_ఒడ్డు:
సర్, సీజీ (విమానం బరువు సమతూగే చోటు) ఎక్కడ రావాలి? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

ఎయిర్‌వింగ్_పాత_క్యాడెట్:
మీది ఒకే వెడల్పున్న రెక్క కాబట్టి లెక్క తేలిక. రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య. 20 సెంటీమీటర్లకి 5 నుంచి 6.6. మీరు 5.5 దగ్గర స్కెచ్ పెన్నుతో రెక్క కింద రెండు వైపులా గీత గీయండి. బ్యాటరీ, ప్రొపెల్లరు అన్నీ పెట్టేసి, ఆ గీతల దగ్గర రెండు చూపుడువేళ్ళ కొసలతో ఎత్తండి. ముక్కు నేలకి సమంగా గానీ, కొద్దిగా కిందికి గానీ ఉండాలి. తోక దిగితే ఆ రోజు ఎగరెయ్యొద్దు. బ్యాటరీని ముందుకి జరపండి. జరగడానికి చోటు లేకపోతే ముక్కులో బరువు పెట్టండి.

ముక్కు బరువైతే విమానం బద్ధకంగా ఎగురుతుంది, అంతే. తోక బరువైతే నీ చేతి మాట వినదు. మొదటి రోజే విరిగిపోయే విమానాల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. నేర్పు లేక కాదు.

బొబ్బిలి_వీణ:
నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మా విద్యార్థులతో ఇవి కట్టిస్తుంటాను. చర్చంతా రెక్క చుట్టూ తిరుగుతోంది గానీ మనుషులకి దెబ్బ తగిలేది ముందు ప్రొపెల్లరు వల్ల.

పది అంగుళాల ప్రొపెల్లరు నిమిషానికి 9000 చుట్లు తిరుగుతుంటే దాని కొస వేగం సెకనుకి 120 మీటర్లు. గంటకి 430 కిలోమీటర్లు. పైగా తిరిగేటప్పుడు అది కంటికి కనబడదు. అందుకే బల్ల మీద ఏ పని చేస్తున్నా, అది రిమోట్ బైండింగ్ (రిమోట్‌ని రిసీవరుతో జత కలపడం) అయినా, సర్వో సెట్టింగ్ అయినా, ఈఎస్‌సీ కాలిబ్రేషన్ అయినా, ప్రొపెల్లరు విప్పి పక్కన పెట్టాలి. 'ఒక్క నిమిషం పనే కదా మేడం' అనే పిల్లలకి నేను బ్యాటరీ చేతికే ఇవ్వను.

ముందు రిమోట్ ఆన్, తర్వాత విమానం బ్యాటరీ. ఆపేటప్పుడు ముందు విమానం బ్యాటరీ తీసి, తర్వాత రిమోట్ ఆఫ్. రిమోట్‌లో ఒక స్విచ్చికి థ్రాటిల్ కట్ పెట్టుకోండి. ఆ స్విచ్చి వేసి ఉంటే స్టిక్కు పొరపాటున తగిలినా మోటారు తిరగదు. బ్యాటరీ కలిపిన క్షణం నుంచి విమానం వెనక నుంచే పట్టుకోవాలి. ముక్కు ముందుకి చెయ్యి గానీ మొహం గానీ పోకూడదు.

తర్వాత ఫెయిల్‌సేఫ్. రిమోట్ సిగ్నల్ అందకపోతే రిసీవరు ఏం చెయ్యాలో మీరే ముందుగా చెప్పి ఉంచడం. చెప్పకపోతే కొన్ని రిసీవర్లు ఆఖరి ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. అంటే ఫుల్ థ్రాటిల్‌లో ఉండగా సిగ్నల్ పోతే విమానం ఫుల్ థ్రాటిల్‌తోనే ఊరి మీదికి పోతుంది. సిగ్నల్ పోగానే థ్రాటిల్ సున్నాకి రావాలి, రడ్డరు కొద్దిగా ఒక పక్కకి తిరగాలి. అప్పుడు దూరం పోకుండా అక్కడికక్కడే చుట్లు కొడుతూ దిగుతుంది. సెట్ చేశాక, ప్రొపెల్లరు లేకుండా మోటారు సగం థ్రాటిల్‌లో తిప్పి, రిమోట్ ఆపి చూడండి. మోటారు ఆగాలి. ఈ పరీక్ష ఇంట్లో చూశాం కదా అని ఊరుకోకుండా మైదానంలో కూడా చెయ్యాలి.

నాగావళి_ఒడ్డు:
మేడం, చాలా థ్యాంక్స్. మా రిమోట్‌లో ఫెయిల్‌సేఫ్ మెనూ ఉంది, ఖాళీగా ఉంది. రాత్రే సెట్ చేస్తాం. రేంజ్ చెక్ అంటే ఎలా చెయ్యాలి?

బొబ్బిలి_వీణ:
మీ రిమోట్‌లో పవర్ తగ్గించే రేంజ్ టెస్ట్ మోడ్ ఉంటే అది వేసుకుని, విమానాన్ని ఒకరు పట్టుకోగా, రిమోట్‌తో ముప్ఫై అంగలు నడవండి. సర్వోలు వణక్కుండా, ఆలస్యం లేకుండా కదలాలి. ఆ మోడ్ లేకపోతే మామూలు పవర్‌తోనే మైదానం చివరిదాకా నడిచి చూడండి. మోటారు ఆపి ఒకసారి, తిప్పుతూ ఒకసారి. మోటారు తిరిగితేనే బయటపడే లోపాలు ఉంటాయి. రిసీవరు యాంటెన్నాని బ్యాటరీ వైర్లకి దూరంగా, తిన్నగా పెట్టండి. చుట్టచుట్టి టేపు వెయ్యొద్దు.

పలాస_జీడి:
బ్యాటరీ సంగతి నేను చెబుతాను. నాకు బ్యాటరీలు, ఛార్జర్లు రిపేరు చేసే షాపుంది. లైపోతో చాలా జాగ్రత్తగా ఉండాలి తమ్ముళ్ళూ, ఇది ఫోన్ బ్యాటరీలా రక్షణ సర్క్యూట్ పెట్టుకుని రాదు.

ఒక్కో సెల్ మామూలు వోల్టేజీ 3.7, నిండితే 4.2. మీది మూడు సెల్స్, నిండితే 12.6. ఏ సెల్ అయినా 3 వోల్టుల కిందికి దిగితే చెడిపోయినట్టే. అందుకని ఎగురుతుండగా 3.5 దగ్గరే దించెయ్యాలి. మీ 2200 బ్యాటరీలో వాడుకోదగ్గది 80 శాతం. సగటున 8 ఆంపియర్లు లాగితే 13 నిమిషాలొస్తుంది, కానీ మీరు రిమోట్ టైమరు 7 నిమిషాలకే పెట్టుకోండి. నేర్చుకునేవాళ్ళు దిగడానికి మూడు నాలుగు సార్లు చుట్టు తిరగాల్సి వస్తుంది, దానికి కరెంటు మిగలాలి.

ఛార్జింగ్ బ్యాలెన్స్ ఛార్జరు (అన్ని సెల్స్‌నీ సమంగా నింపేది) మీదే, 2.2 ఆంపియర్లకి మించకుండా. మంచం మీద, పరుపు మీద వద్దు. వరండాలో గచ్చు మీద, మట్టి కుండలో అడుగున ఇసుక పోసి అందులో పెట్టి ఛార్జి చెయ్యండి. మూత బిగించొద్దు. ఛార్జి అవుతున్నంతసేపూ మనిషి అక్కడే ఉండాలి. రాత్రి పెట్టి పడుకోవడం మాత్రం కుదరదు. ఎగరెయ్యని రోజుల్లో ఒక్కో సెల్ 3.8 దగ్గర ఉంచండి. ఫుల్‌గా నింపి వారాల తరబడి అల్మారాలో ఉంచితే ఉబ్బుతుంది.

ఉబ్బిన దాన్ని 'ఇంకో రెండుసార్లు వస్తుందిలే' అని వాడకండి. ఆటో ఇండికేటరు బల్బు, 21 వాట్లది, ఆరుబయట కలిపి ఉంచితే నెమ్మదిగా పూర్తిగా ఖాళీ అవుతుంది. తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. చెత్తబండిలో వెయ్యొద్దు. అక్కడ దాన్ని చేత్తో ఏరేవాళ్ళు ఉంటారు.

సరుగుడు_తోట:
ఇప్పుడు స్థలం విషయం. నాగావళి ఇసుక నాకు నచ్చలేదు. కారణాలు చెబుతాను. ఇసుకలో పొట్ట మీద దింపితే మోటారు బెల్లులోకి (బయట తిరిగే గిన్నెలోకి) ఇసుక రేణువులు దూరుతాయి. లోపల అయస్కాంతాలుంటాయి కదా, నల్ల ఇసుక అంటుకుని పోదు. పక్కనే నీళ్ళు, ఎగువన తోటపల్లి బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలితే పాయ మారిపోతుంది. ఇసుక ట్రాక్టర్లు, బట్టలుతికేవాళ్ళు, ఈతకొచ్చే పిల్లలు ఉంటారు. మీరు పొద్దున్న చూస్తే ఖాళీ, ఎనిమిదింటికి సంత.

సముద్రం ఒడ్డు కూడా అంతే, ఇంకా ఉప్పు గాలి అదనం. బేరింగులు తుప్పు పడతాయి. మా తీరంలో సరుగుడు తోటల పక్కన ఎగరేస్తే గాలి తోట మీంచి దొర్లుకుంటూ వచ్చి కిందికి తొక్కేస్తుంది.

కోతలయిన వరి మడి మంచిది. కానీ ఒకటి గమనించండి. మన జిల్లాలో చాలా మళ్ళలో వరి కొయ్యకముందే మినుమో పెసరో చల్లేస్తారు. దూరం నుంచి ఖాళీ మడిలాగే ఉంటుంది, దగ్గరికెళ్తే మొలక. అందులో నడిచారంటే రైతు కడుపు మీద నడిచినట్టే. అపరాలు కూడా తీసేశాక, మడి ఎవరిదో కనుక్కుని, వెళ్ళి అడిగి, ఏం చేస్తారో చూపించి మరీ మొదలెట్టండి. 'బావూ, ఇలగ ఇలగ, చిన్న ఇమానం' అని చెప్తే ఎవరూ కాదనరు. పైగా ఆయనే పశువుల్ని అటు రాకుండా చూస్తారు. కరెంటు తీగలు రెండు వందల మీటర్లలోపు లేకుండా చూసుకోండి. వ్యవసాయ మోటార్ల లైన్లు బాగా కిందికి వేలాడుతుంటాయి. తీగ మీద విమానం చిక్కుకుంటే దాన్ని వదిలెయ్యండి. కర్ర పెట్టి తియ్యబోవద్దు, ఎంత ఖరీదైనదైనా సరే. లైన్‌మన్‌కి చెప్పండి.

ఫోర్ట్_సిటీ:
ఈ ఆఖరి మాట పెద్ద అక్షరాలతో అచ్చేసి పిల్లలందరికీ ఇవ్వాలి.

పర్మిషన్ల గురించి. 2021 డ్రోన్ రూల్స్‌లో బరువుని బట్టి తరగతులున్నాయి. 250 గ్రాముల దాకా నానో. అది దాటితే 2 కిలోల దాకా మైక్రో. మీ 600 గ్రాములది మైక్రో. వ్యాపారానికి కాకుండా ఎగరేసే మైక్రోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కంటికి కనబడేంత దూరంలో, చదువు కోసమో సరదా కోసమో ఎగరేసే మోడల్ విమానానికి టైప్ సర్టిఫికెట్ (ఆ డిజైన్‌కి ఇచ్చే ధ్రువపత్రం) మినహాయింపు కూడా ఉంది. కానీ రిజిస్ట్రేషన్ నంబరు వేరే సంగతి, అది తీసుకోవాలి. నానో కానివాటికి థర్డ్ పార్టీ బీమా కూడా అడుగుతారు.

ఎక్కడ ఎగరెయ్యొచ్చో ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై వెబ్‌సైటులోని మ్యాపు చెబుతుంది. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. ఆ లోపల అయితే ముందు అనుమతి కావాలి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా కుదరదు. మా విజయనగరం జిల్లా వాళ్ళకి చెబుతున్నాను, భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం వచ్చాక ఆ చుట్టుపక్కల, పూసపాటిరేగ వైపు, పాత అలవాటుతో ఎగరెయ్యకండి. విశాఖ వైపు ఐఎన్‌ఎస్ డేగా ఉంది, నేవీ వాళ్ళ విమాన స్థావరం. ఎగరేసే రోజు పొద్దున్న మ్యాపు మళ్ళీ చూడాలి. మంత్రుల పర్యటనలప్పుడు పోలీసు శాఖ తాత్కాలికంగా 96 గంటల దాకా రెడ్ జోన్ ప్రకటించొచ్చు.

జనం గుమిగూడే చోటైతే మ్యాపులో పచ్చగా ఉన్నా సరే, వద్దు. సిరిమానోత్సవం రోజు విజయనగరంలో, రథసప్తమికి అరసవల్లిలో వీడియో తీద్దామని ఎవరైనా సరదాపడితే ఆపండి.

పలాస_జీడి:
600 గ్రాములది ఎందుకు, 240 గ్రాముల్లో కడితే నానో అయిపోతుంది కదా? బీమా కూడా అక్కర్లేదు, తగిలినా పెద్ద దెబ్బ ఉండదు.

ఎయిర్‌వింగ్_పాత_క్యాడెట్:
అన్నది బాగుంది. కానీ వాళ్ళ దగ్గరున్న బ్యాటరీ ఒక్కటే 180 గ్రాములు. 240లో కట్టాలంటే మోటారు దగ్గర్నుంచి అన్నీ మార్చాలి. ఇంకొకటి, మన తీరం గాలికి 240 గ్రాములది ఊగిసలాడిపోతుంది, కొత్తవాళ్ళ చేతికి అందదు.

అయితే దెబ్బ గురించి మీరన్నది నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 600 గ్రాములది సెకనుకి 15 మీటర్ల వేగంతో వస్తే, అది పదకొండు మీటర్ల ఎత్తు మేడ మీంచి పడినంత దెబ్బ. ఫోమే కదా అనుకుంటాం. ముందు తగిలేది ఫోమ్ కాదు, మోటారు షాఫ్టు. దాని వెనకే బ్యాటరీ.

అందుకే మనుషులు నిలబడే చోటు ముందే తేల్చుకోవాలి. పొలంలో ఒక గీత అనుకోండి. ఎగరేసేవాడు, చూసేవాళ్ళు అందరూ గీతకి ఇవతల. విమానం ఎప్పుడూ గీతకి అవతల. తల మీంచి ఒక్కసారి కూడా రాకూడదు. మీరు ముగ్గురున్నారు కదా, పంచుకోండి. ఒకరి చేతిలో రిమోట్. ఒకరు విసిరి వెనక్కి వచ్చి పైలట్ పక్కన నిలబడి ఆకాశం, మనుషులు, పశువులు చూస్తూ చెబుతుండాలి. మూడోవాడు పని మొత్తం ఊరి పిల్లల్ని చూసుకోవడమే. విమానం దిగుతోందంటే పిల్లలు దాని మీదికే పరిగెడతారు, అది వాళ్ళ తప్పు కాదు. మొదలెట్టకముందే వాళ్ళని కూర్చోబెట్టి, దిగాక ఒక్కొక్కరికి చేతికిచ్చి చూపిస్తామని మాటివ్వండి. మాట నిలబెట్టుకోండి. కూర్చుంటారు.

మూడోవాడి పని చిన్నదనుకోకండి. నేను మైదానానికి వెళ్తే ఆ పని నేనే తీసుకుంటాను.

తేలినీలాపురం_కొంగ:
పక్షులు చూసేవాణ్ణి, విమానాలు తెలియవు. ఒక్క విన్నపం. టెక్కలి వైపు తేలినీలాపురంలో, ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో కొంగలు, పెలికాన్లు గూళ్ళు పెట్టే కాలంలో ఆ ఊళ్ళ దరిదాపుల్లో దయచేసి ఎగరెయ్యకండి. బెదిరి తల్లి లేచిపోతే గూట్లో పిల్ల ఎండకి ఆగదు. ఆ ఊళ్ళ జనం తరతరాలుగా ఆ పక్షుల్ని ఆడబిడ్డల్లా చూసుకుంటున్నారు.

నాగావళి_ఒడ్డు:
తప్పకుండా అండీ. మా దగ్గర గద్దలు ఎక్కువ. అవి విమానం మీదికి వస్తాయా?

తేలినీలాపురం_కొంగ:
వస్తాయి. గూడు దగ్గర్లో ఉంటే ఊరుకోవు. గద్ద మీ విమానం పైన చుట్లు కొడుతుంటే దించేసి, అది వెళ్ళాక మళ్ళీ మొదలెట్టండి. దాన్ని తరమడం సరదా అనుకోవద్దు.

సరుగుడు_తోట:
ఎప్పుడు ఎగరెయ్యాలో చెప్పలేదు ఎవరూ. తెల్లారి ఆరు నుంచి ఎనిమిది మధ్య. అప్పటికి సముద్రపు గాలి మొదలవదు. ఉంటే గింటే నేల మీంచి సముద్రం వైపు, అంటే పడమటి నుంచి పల్చగా వీస్తుంది. విమానాన్ని ఎప్పుడూ గాలికి ఎదురుగా విసరాలి, కాబట్టి పడమటికి తిరుగుతారు, సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు. కళ్ళలో ఎండ పడదు. పదయ్యేసరికి గాలి మారి, తూర్పు నుంచి, అంటే సముద్రం మీంచి వీస్తూ బలం పుంజుకుంటుంది. మధ్యాహ్నానికి సరుగుడు కొమ్మలు హోరెత్తుతాయి. సాయంత్రం మళ్ళీ తగ్గుతుంది గానీ నేర్చుకునేవాళ్ళకి పొద్దున్నే మేలు.

నాగావళి_ఒడ్డు:
ఒక పెద్ద సందేహం. విమానం మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కదా. కంప్యూటర్ మీద విమానం నడిపి నేర్చుకునే సిమ్యులేటర్‌లో అక్కడే పడిపోతున్నాం.

ఎయిర్‌వింగ్_పాత_క్యాడెట్:
అందరూ అక్కడే పడతారు బాబూ. ఆలోచించి చేస్తే ఆలస్యమైపోతుంది, అందుకే ఒక సూత్రం: మీవైపు వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి దిగుతోందో స్టిక్కుని ఆ వైపుకే తొయ్యండి. దిగిన రెక్క లేస్తుంది. సిమ్యులేటర్‌లో ఇదొక్కటే పదే పదే చెయ్యండి, వేళ్ళకి అలవాటవ్వాలి.

మొదటి రోజుల్లో 30, 40 మీటర్ల ఎత్తులో ఉంచండి. అంతకంటే కిందైతే సరిదిద్దుకోవడానికి సమయం ఉండదు. మరీ పైకి, దూరంగా పోతే విమానం ఎటు తిరిగిందో కనబడదు. రెక్క కింద ఒక వైపు ఎర్ర టేపు, తోక మీద నల్ల పట్టీలు వెయ్యండి. తెల్ల ఫోమ్ మబ్బులో కలిసిపోతుంది.

ఇంకొకటి, ముక్కు లేచి విమానం గాల్లో ఆగిపోతున్నట్టు అనిపిస్తే ప్రాణం స్టిక్కుని వెనక్కి లాగమంటుంది. లాగొద్దు. ముందుకి తొయ్యాలి. ముక్కు దించి వేగం రానిచ్చి, అప్పుడు మెల్లగా లేపాలి.

నాగావళి_ఒడ్డు:
అప్‌డేట్. ఫోమ్‌బోర్డు వచ్చింది, కట్టేశాం. మొత్తం 585 గ్రాములు. సీజీ 5.5 దగ్గర. ఫెయిల్‌సేఫ్ మైదానంలో కూడా పరీక్షించాం, మోటారు ఆగింది. రిజిస్ట్రేషన్, బీమా అయ్యాయి. ఈ ఆదివారం పొద్దున్న మా మావయ్య వాళ్ళ మడిలో, పెసర తీసేశాక, ఎగరేశాం. ఎగిరింది! మూడో పని మా తమ్ముడికిచ్చాం. వాడు పిల్లల్ని గట్టు మీద వరసగా కూర్చోబెట్టాడు, ఒక్కరూ లేవలేదు. తర్వాత అందరికీ చేతికిచ్చి చూపించాం.

ఒక ఇబ్బంది. మోటారు ఆపి గ్లైడ్ చేస్తే తిన్నగా చక్కగా వస్తోంది. థ్రాటిల్ పెంచితే ముక్కు లేచి ఎడమకి తిరిగిపోతోంది. ట్రిమ్‌తో (స్టిక్కు నడిమి స్థానాన్ని కొద్దిగా జరిపే బటన్లతో) సరిచేస్తే అప్పుడు గ్లైడ్ పాడవుతోంది.

ఫోర్ట్_సిటీ:
శభాష్!!

ఎయిర్‌వింగ్_పాత_క్యాడెట్:
చాలా సంతోషంగా ఉంది బాబూ. గ్లైడ్ బాగుండి పవర్‌లోనే తేడా వస్తోందంటే రెక్కలో, తోకలో లోపం లేదు. ట్రిమ్ ముట్టుకోవద్దు, మోటారు కోణం మార్చాలి. ప్రొపెల్లరు వెనక నుంచి చూస్తే కుడిచేతి వైపు తిరుగుతుంది, దానికి ప్రతిగా విమానం ఎడమకి వాలుతుంది. మోటారు రెండు డిగ్రీలు కుడికి, రెండు మూడు డిగ్రీలు కిందికి చూడాలి.

మౌంటు బోల్టుల మధ్య దూరం కొలవండి. 30 మిల్లీమీటర్లైతే, ఒక మిల్లీమీటరు మందం వాషరు సుమారు రెండు డిగ్రీలిస్తుంది. వెనక నుంచి చూస్తూ, ఎడమవైపు బోల్టుల కింద ఒక్కో వాషరు పెడితే మోటారు కుడికి తిరుగుతుంది. పైనున్న బోల్టుల కింద పెడితే కిందికి చూస్తుంది. ఒకేసారి రెండూ మార్చకండి. ముందు కిందికి చూసేది సరిచేసి, ఎగరేసి, తర్వాత కుడిది.

బొబ్బిలి_వీణ:
బోల్టులు విప్పి బిగించాక వాటికి థ్రెడ్‌లాక్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వెయ్యడం మర్చిపోకండి, మోటారు అదురుకి వదులవుతాయి. వాషర్లు పెట్టేటప్పుడు ప్రొపెల్లరు తీసి, బ్యాటరీ కనెక్టరు ఊడదీసి ఉండాలి. మళ్ళీ ఎగరేసే ముందు సీజీ, రేంజ్, ఫెయిల్‌సేఫ్, ఎలివేటరు రడ్డరు దిశలు అన్నీ మొదట్నుంచి.

నాగావళి_ఒడ్డు:
సరే మేడం. వాషర్లు ఇంట్లోనే ఉన్నాయి, థ్రెడ్‌లాక్ రేపు శ్రీకాకుళం వెళ్ళి తెస్తాం. సర్, మీకు వీలైతే వచ్చే ఆదివారం మా ఊరు రండి. మూడో పని మీకే ఇస్తాం.

ఎయిర్‌వింగ్_పాత_క్యాడెట్:
వస్తాను. ఆరింటికల్లా గట్టు మీద ఉంటాను. స్పేర్ ప్రొపెల్లర్లు రెండు నేను తెస్తాను, మీరు రబ్బరు బ్యాండ్లు కొత్తవి వెయ్యండి. ఎండకి పాతవి పగుళ్ళిస్తాయి.